బెల్లం పుస్తకంలో లేని పేర్లు

మొన్న పటాన్‌చెరు కూరగాయల మార్కెట్ బయట ఎండుమిర్చి బస్తా ఒకటి లారీ మీది నుంచి జారి పిగిలిపోయింది. చుట్టూ యాభై గజాల మేర ఉన్న జనమంతా కులమతాలతో పని లేకుండా తుమ్మారు. నేనూ తుమ్మాను. తుమ్ములు ఆగాక కూడా నా కళ్ళు ఆగలేదు. పండ్ల బండి అతను జాలిపడి నీళ్ళ సీసా అందిస్తే, మిర్చి ఘాటన్నా, అని చెప్పాను. ముప్పావు వంతు నిజమే చెప్పాను. మిగతా పావు వంతు రాజేశ్వరి మేడం.

సంగారెడ్డిలో ఆమె వకీలు ఆఫీసు వాళ్ళ అన్నగారి మిర్చి గోదాము మీద, మేడగదిలో ఉండేది. ఇనుప మెట్లెక్కి పైకి చేరేసరికి ఎంత ధైర్యవంతుడైనా ముక్కు చీదుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చేవాడు. మేడంకు మాత్రం ఏమయ్యేది కాదు. జోగిపేటలో ధాన్యం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, బస్తాల మధ్య కూర్చుని పాఠాలు చదివి, హైదరాబాదులో లా పూర్తి చేసి వచ్చిన మనిషి. పొట్టిగా ఉండేవారు; నల్లకోటు చేతులు రెండు మడతలు వేస్తే గాని వేళ్ళు కనపడేవి కావు. ఆ కోటు జేబులో ఎప్పుడూ పుట్నాలు ఉండేవి. వచ్చినవాళ్ళతో మొదటి మాట ఒకటే. "ఇక్కడ ఏడిస్తే పనికి రాదు నాయనా. కింద మిర్చి ఉన్నది, ఏడుపు దేనికో నాకు తెల్వది. జరిగింది చెప్పు." ఆమె గొంతు పెంచడం గానీ, బల్ల గుద్దడం గానీ నేను చూడలేదు. నాలాంటివాడికి అది పెద్ద ఇబ్బంది. అవతలివాళ్ళు నాటకం ఆడితేనే కదా మనం గాలి తీయగలిగేది.

నన్ను ఆమె దగ్గరికి తీసుకుపోయింది యాదయ్య. అతనిదీ నాదీ ఒకే ఊరు, గుమ్మడిదల దాటాక లోపలికి. మాది ఊరి నడుమ పటేళ్ళ ఇల్లు, వాళ్ళది కాలువ అవతలి మాదిగవాడ. ఒకే బడి, ఒకే బెంచీ. ఇంటర్లో ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు వచ్చాయి, ఎందుకంటే నేను అతని పేపరు చూసి రాశాను. ఈ సంగతి కోర్టులో చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. బడిలో అతను నన్ను 'ఏరా సుధాకర్' అనేవాడు. ఊళ్ళోకి రాగానే 'పటేలా' అనేవాడు. సరిగ్గా కాలువ వంతెన దగ్గర పిలుపు మారేది. డ్రైవరు గేరు మార్చినంత మామూలుగా మారేది కాబట్టి నాకెప్పుడూ దాని చప్పుడు వినపడలేదు.

తొంభైల చివర్లో బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఇద్దరం ఒకే రోజు హెల్పర్లుగా చేరాం. మందులంటే మాత్రలు కాదు. మాత్రల్లోకి పోయే పొడి, పెద్ద పెద్ద స్టీలు రియాక్టర్లలో ఉడికించి తీసేది. వారం తిరక్కుండా నాకు స్టోర్స్‌లో కుర్చీ, ఫ్యాను, నాలుగు పుస్తకాలు దొరికాయి. యాదయ్యకు రియాక్టరు దొరికింది. సరుకు తీసిన ప్రతిసారీ లోపల అంటుకున్న మడ్డిని గీకడానికి, నడుముకు తాడు కట్టుకుని, పైనున్న రంధ్రంలోంచి మనిషి దిగాలి. మూతికి గుడ్డ, చేతిలో గీకుడు రేకు. బయటికి వచ్చాక ఒక బెల్లం గడ్డ ఇస్తారు. బెల్లం తింటే లోపలికి పోయిన విషం విరిగిపోతుందని మా దిక్కు ఫ్యాక్టరీల్లో ఒక గట్టి నమ్మకం. ఆ బెల్లం స్టోర్స్ నుంచి పోవాలి, అంటే నా చేతుల మీదుగా. తారీకు వేసి, పేరు రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుని ఇచ్చేవాణ్ణి. బెల్లం పార్టీ వచ్చింది, చీమలు జాగ్రత్త, అని రోజూ ఒకే జోకు వేసేవాణ్ణి. రెండేళ్ళు వేశాను. యాదయ్య రెండేళ్ళూ నవ్వాడు.

ఒక మధ్యాహ్నం అతను లోపలే పడిపోయాడు. తాడుతో పైకి లాగారు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చి, ఇక ట్యాంకులోకి దిగను, వేరే పని ఇవ్వండి అని అడిగాడు. పని పంచే సూపర్‌వైజర్ పేరు మాణిక్. మా అమ్మకు తమ్ముడి వరస, నాకు మామ, నాకు కొలువు పెట్టించింది కూడా ఆయనే. మామ చాలా మర్యాదగా, నీకు సరిపోయే పని అదొక్కటే ఉంది యాదయ్యా, వద్దంటే ఇంటికి పోవచ్చు అన్నాడట. తిట్టలేదు, కులం పేరెత్తలేదు, పైగా టీ తాగించాడు. యాదయ్య ఆ టీ తాగి సంగారెడ్డి బస్సెక్కాడు.

రాజేశ్వరి మేడం కేసును మానవ హక్కుల కోర్టులో వేశారు. ఆ పేరు విని నేను పాలరాతి మెట్లు, పెద్ద స్తంభాలు ఊహించుకున్నాను. తీరా చూస్తే అదే జిల్లా సెషన్స్ కోర్టు, అదే జడ్జి, అదే కీచుమనే ఫ్యాను. బోర్డు మాత్రం కొత్తది. అక్కడ కేసు ఏ పద్ధతిలో నడపాలో చట్టంలో సరిగా రాయలేదని వకీళ్ళు తలలు పట్టుకుంటుంటే మేడం, మంచిదే, ఎవరికీ తెల్వనప్పుడు మన మాట కూడా వింటరు, అన్నారు. ఆమె అసలు బెంగ వేరే. అవమానం జరిగితే తిట్టినవాడు ఉంటాడు, తిట్టు ఉంటుంది, విన్నవాళ్ళు ఉంటారు. ఇక్కడ తిట్టే లేదు. పని పంచడం ఒక్కటే ఉంది. పని పంచడంలో కులం చూశారని ఎట్లా రుజువు చేయాలి? దానికి ఆమెకు నేను కావలసి వచ్చాను.

మొదటి రోజు నన్ను మేడ మీద కూర్చోబెట్టలేదు. కింద గోదాములోకి తీసుకుపోయారు. దూలానికి వేలాడే పెద్ద త్రాసు ముందు నిలబడి, తూచే అతన్ని ఆగమన్నారు. పళ్ళాల్లో ఏమీ లేకపోయినా ఒకటి కొంచెం కిందికి ఉంది. అతను రెండో పళ్ళెం గొలుసుకు చిన్న రాయి కట్టి రెంటినీ సమం చేశాడు. అప్పుడు గాని మిర్చి వేయలేదు. "మా నాయిన ముందు ఖాళీ పళ్ళాలు చూపిచ్చేటోడు, తర్వాతనే తూకం," అన్నారు మేడం. "అన్యాయమైందని యాదయ్య వంద సార్లు చెప్పొచ్చు. ఒక్క పళ్ళెంతోని తూకం కాదు. రెండోది నువ్వు. ఒకే ఊరు, ఒకే చదువు, ఒకే రోజు చేరిండ్రు, ఒకే కొలువు. ఖాళీగ ఉన్నప్పుడు ఇద్దరు సమానమని నువ్వు చెప్పాలె. ఎటు మొగ్గిందో జడ్జి చూసుకుంటడు." నేను ఊరుకోలేక, మేడం, ఇంతకూ నేను పళ్ళెమా, రాయా, అని అడిగాను. అది నువ్వు బోనెక్కినంక తెలుస్తది, అన్నారు నవ్వకుండా.

ఆ తర్వాత పైకి తీసుకుపోయి, చేరిన మొదటి రోజు సంగతి అడిగారు. ఏమీ జరగలేదన్నాను. మళ్ళీ అడిగారు. గేటు దగ్గర దిగాం, మామ వచ్చాడు, కాగితాల మీద సంతకాలు పెట్టాం, అంతే అన్నాను. మామ ఏమైనా అడిగిండా అన్నారు. నా చదువు అడగలేదు, యాదయ్య చదువూ అడగలేదు. నన్ను ఎరిగినవాడే కాబట్టి నన్ను అసలేమీ అడగలేదు. యాదయ్యను మాత్రం, అది కూడా పెద్ద ముచ్చటేం కాదు, ఊళ్ళ మీ ఇల్లు ఏ దిక్కు అని అడిగాడు. కాలువ అవతల అన్నాడు యాదయ్య. సరే అని మామ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మేడం చేతిలో పెన్ను కింద పెట్టారు. పుట్నాలు నమలడం కూడా ఆపారు. ఆ రోజు ఇంకా ఎంతమంది చేరారని, వాళ్ళను కూడా అదే మాట అడిగాడా అని అడిగారు. ఆరుగురం. నన్ను తప్ప అందరినీ అదే అడిగాడు. ఊళ్ళలో మనిషి కులం అడగాలంటే కులం అడగరు, ఇల్లెక్కడని అడుగుతారు. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన సంగతే. తెలిసిందని మాత్రం ఆ మిర్చి ఘాటులో కూర్చున్నప్పుడే తెలిసింది.

సాక్ష్యం చెప్తానని ఒప్పుకుని ఇంటికి పోయాను. మా నాయనకు కోపం వస్తే మనుషులతో మాట్లాడడు, బర్రెలతో మాట్లాడతాడు. పాలు పిండుతూ, కొలువు పెట్టిచ్చినోని మెడకే వీడు తాడేస్తడట, అని నల్లబర్రెకు చెప్పాడు. బర్రె ఏ పక్షమూ వహించలేదు. మా అమ్మ మాత్రం నా దగ్గరికే వచ్చి, తమ్ముడు ఇగ ఈ గడప తొక్కడేమో బిడ్డా, అంది. ఒక్కసారే అంది. నాయన వారం రోజులు బర్రెలతో మాట్లాడిన దానికంటే అదే నాకు బరువైంది. అయినా పోయాను. గొప్ప ధైర్యంతో పోలేదు. పోకపోతే యాదయ్య నన్ను ఏమీ అనడు, పటేలా అని పిలుస్తూ ఎప్పటిలాగే నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకుంటే కోర్టే నయమనిపించింది.

కోర్టులో మొదటి రోజు నేను చేసిన ఘనకార్యం చెప్పక తప్పదు. మేడం అడిగినవాటికి బాగానే చెప్పాను. తర్వాత కంపెనీ వకీలు లేచాడు. మంచి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మీరు సన్నగా ఉంటారు కదా, యాదయ్య గట్టి మనిషి కదా, ఆ బరువు పని మీవల్ల అవుతుందా, అన్నాడు. నాకు అంతకంటే మంచి అవకాశం జీవితంలో రాలేదు. నన్ను దింపితే మడ్డితో పాటు నన్ను కూడా గీకి తీయాల్సి వస్తుంది సార్, అన్నాను. కోర్టు మొత్తం నవ్వింది. జడ్జిగారు కూడా కాగితం అడ్డం పెట్టుకున్నారు. వకీలు కూడా నవ్వి, అంటే ఒంటి బలం చూసి పని ఇచ్చారన్నమాట, అంతే కదా, అన్నాడు. నేనింకా నవ్వుల్లోనే తేలుతున్నాను. అంతే సార్, అన్నాను. టైపు మిషను టకటకమని ఆ మాటను కాగితం మీదికి ఎక్కించేసింది. వెనక బెంచీలో యాదయ్య నవ్వలేదు. రెండేళ్ళ బెల్లం జోకుకు నవ్వినవాడు, కోర్టంతా నవ్విన జోకుకు నవ్వలేదు.

వరండాలో తిట్లు తినడానికి సిద్ధంగా నిలబడ్డాను. మేడం గుప్పెడు పుట్నాలు నా చేతిలో పోశారు. "ఖాళీ పళ్ళెం కింద వేలు పెట్టినవ్ నాయనా," అన్నారు. కావాలని పెట్టలేదు మేడం, అన్నాను. "తెలుసు. వేలు పెట్టేటోళ్ళల్ల సగం మందికి పెట్టినట్టే తెల్వది. ఇగ ఆ వేలు తీసేసే పని చూడాలె." ట్యాంకులోకి ఎవరెవరు దిగుతారో రాసిన కాగితం ఏదైనా ఉందా అని అడిగారు. డ్యూటీ కాగితాలు మామ ఏ నెలకానెల చించేస్తాడు. లేదన్నాను. యాదయ్య మెల్లగా, బెల్లం పుస్తకం ఉన్నది కదరా, అన్నాడు. సంగారెడ్డి మా ఊరి వంతెనకు బయటే కదా, నన్ను 'రా' అన్నాడు. నేను ఉత్సాహంగా, రేపే టిఫిన్ సంచిలో పెట్టుకుని తెచ్చేస్తానన్నాను. దొంగిలించిన పుస్తకం తెస్తే కేసు నీ మీద నడుస్తది, వాళ్ళతోనే తెప్పిద్దాం, అన్నారు మేడం.

తర్వాతి వాయిదాకు కంపెనీ తరఫున పర్సనెల్ మేనేజర్ బోనెక్కాడు. మేడం అతన్ని యాదయ్య గురించి అడగలేదు, కులం గురించి అసలే అడగలేదు. ట్యాంకులు కడిగే మనుషుల్ని మీరు పట్టించుకోరని అంటున్నారే, అని చాలా విచారంగా అడిగారు. ఆయనకు రోషం వచ్చింది. లోపలికి దిగిన ప్రతి మనిషికీ బెల్లం ఇస్తామన్నాడు. "ప్రతి ఒక్కరికీ?" ప్రతి ఒక్కరికీ, సంతకం తీసుకుని మరీ. "దిగనోళ్ళకు?" దిగనోళ్ళకు ఎందుకిస్తామమ్మా అన్నాడు. ఆ పుస్తకం ఉంటే కోర్టు కూడా సంతోషిస్తుందని మేడం అన్నారు. మేనేజరు మరుసటి వాయిదాకు పుస్తకాన్ని అట్ట వేయించి మరీ తెచ్చాడు.

అది నా చేతిరాత కాబట్టి చదవడానికి నన్ను మళ్ళీ పిలిచారు. చదివాను. ఎల్లయ్య, పోచయ్య, నర్సింలు, యాదయ్య. పేజీ తిప్పితే పోచయ్య, యాదయ్య, ఎల్లయ్య. రెండేళ్ళు, అవే పదకొండు పేర్లు, నాలుగు ఊళ్ళవి. ఒక్కో పేరూ నేనే రాశాను. రాసినవాణ్ణి నేనే అయినా, చదివింది అదే మొదటిసారి. పోచయ్యకు ఎంత వయసుంటుందని మేడం అడిగారు. యాభై దాటాయి, నాకంటే సన్నం, అన్నాను. మీ వీధి నుంచి చేరినవాళ్ళలో గట్టివాళ్ళు లేరా అని అడిగారు. మల్లేశం ఉన్నాడు, దసరాకు కుస్తీ పడతాడు, నిండు డ్రమ్మును ఒక్కడే దొర్లిస్తాడు. "ఆయన పేరు చదువు." వెతికినట్టు నటించడం కూడా చేతకాలేదు. లేదన్నాను. నీ పేరు చదువు, అన్నారు. అదీ లేదన్నాను.

కంపెనీ వకీలు లేచి, ఎవరు ఏ వాడనుంచి వచ్చారో మా కంపెనీకి తెలియదు, దరఖాస్తులో కులం గడే లేదు, అన్నాడు. అది నిజం. మేడం నా వైపు తిరిగి, చేరిన రోజు నీ ముందర సూపర్‌వైజర్ వాళ్ళను ఏమని అడిగిండు, అన్నారు. మాణిక్ మామ రెండో బెంచీలో కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పినవాడు. జోకు ఒకటి నోటి దాకా వచ్చింది, ఆ సంగతి దాచను, మంచి జోకే. మింగేశాను. "ఊళ్ళ మీ ఇల్లు ఏ దిక్కు అని అడిగిండు. ఆ రోజు కాలువ అవతల అన్నోళ్ళందరి పేర్లు ఈ పుస్తకంల ఉన్నయి. ఇవతల అన్నోళ్ళవి లేవు. నన్ను అడగలేదు, ఎందుకంటే ఆయనకు నా ఇల్లు తెలుసు," అన్నాను. కోర్టులో ఎవరూ నవ్వలేదు. అంత నిశ్శబ్దం నేను కలిగించగలనని నాకప్పటి దాకా తెలియదు.

తీర్పు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మధ్యలో కంపెనీ వాళ్ళు యాదయ్యను పిలిచి కొలువు తిరిగి ఇస్తాం, కేసు వెనక్కి తీసుకో అన్నారు. కొలువు తీసుకుంటా, కేసు ఉంటది, అన్నాడతను. తీర్పులో పెద్దగా మెరుపులేమీ మెరవలేదు. జరిమానా వేశారు, అదీ చిన్నదే. కానీ ఇల్లెక్కడని అడిగి పని పంచడం కులం అడిగి పని పంచడమేనని జడ్జిగారు అందులో రాశారు. మేడం ఆ ఒక్క వాక్యం మీద వేలు పెట్టి, ఇది చాలు, రేపు ఇంకెవరికన్నా పనికొస్తది, అన్నారు. మామ మా గడప తొక్కలేదు, ఈ రోజుకీ తొక్కలేదు. అమ్మ రాఖీ కట్టడానికి తనే ఆయనింటికి పోతుంది. నన్ను అడగదు, నేను ఆపను.

తీర్పు వచ్చిన వారమే కంపెనీ గోడకు కొత్త చార్టు అంటించింది. ఇకనుంచి ట్యాంకు పని అందరికీ వంతులవారీగా. మొదటి పేరు నాదే. ఎవరు రాశారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మర్నాడు పొద్దున మూతికి గుడ్డ కట్టుకుని దిగాను. సమానత్వం ఎట్లా ఉంటుందో ఆ రోజు నాకు వాసనతో సహా తెలిసింది. కళ్ళు మండాయి, తల తిరిగింది, పావుగంటకే తాడు లాగాను. పైన తాడు పట్టుకున్నది యాదయ్య. ఎట్లున్నది పటేలా లోపల, అన్నాడు. అతను బెల్లం గడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు. చీమల గురించి ఏమీ అనలేదు. అతని స్థానంలో నేనుంటే తప్పకుండా అనేవాణ్ణి.

ఆదివారం సంగారెడ్డికి పోయి ఈ కథంతా మేడంకు చెప్పాను. గెలిచాం కదా, సమానమయ్యాం కదా, అని గొప్పగానే చెప్పాను. ఆమె మెచ్చుకుంటారనుకున్నాను. "రెండు పళ్ళాలు విషంల ముంచితే గూడ సమానంగనే ఉంటయి," అన్నారు. "గుడ్డ కట్టుకుని ఎవ్వరూ దిగొద్దు. కూర్చో, రాద్దాం." గాలి గొట్టంతో ఉండే మాస్కుల కోసం దరఖాస్తు ఆ మధ్యాహ్నమే రాశాం. ఈసారి కింద పన్నెండు సంతకాలు, కాలువకు రెండు వైపులవీ. మల్లేశం కూడా పెట్టాడు. కుస్తీవీరుడికి తన వంతు ఇంకా రాలేదు గాని, వస్తుందని తెలిసింది. తమ పిల్లలు దిగాల్సి వచ్చేసరికి మా వీధి పెద్దలందరికీ ఆ పని ఎంత ప్రమాదమో ఒక్కసారిగా అర్థమైంది. మా నాయన కూడా బర్రెను వదిలి నాతోనే మాట్లాడాడు. ఎనిమిది నెలలకు మాస్కులు వచ్చాయి.

మేడం పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు వేరే మందుల కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజర్‌ని. పని పంచే కుర్చీ ఇప్పుడు నా కింద ఉంది. మంచివాణ్ణి కాబట్టి సరిగా పంచుతానని నాకు నమ్మకం లేదు. మాణిక్ మామ కూడా చెడ్డవాడేం కాదు. అందుకే ప్రతి శనివారం చార్టు రాశాక, అందులో ఉన్న పేర్లు చదవను. కష్టమైన పనుల వరుసలో నెల రోజులుగా రాని పేర్లు వేరే కాగితం మీద రాస్తాను. చాలా వారాలు ఆ కాగితం ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా లేని వారం, ముందు నా పేరు ఉందేమో చూస్తాను. మూడుసార్లు ఉంది. మూడుసార్లూ దిగాను.